నల్లగొండ పటిక, సిల్వర్ గంజు

మన వంటింట్లోకి అల్యూమినియం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ విషానికి విరుగుడుగానే వచ్చింది. మొదట రాగి, ఇత్తడి గిన్నెల చిలుము నుంచి కాపాడతానంది. తర్వాత పాత నల్లగొండ జిల్లా బావినీళ్లలోని ఫ్లోరైడ్‌ను పట్టుకుంటానంది. హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు ఈ లోహం మంచిచెడ్డలు తేల్చాలంటే గిన్నెతో పాటు నీళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి.

1886లో విద్యుత్తుతో అల్యూమినియం తీసే పద్ధతి దొరికేదాకా అది ఖరీదైన లోహం. ఆ తర్వాత పన్నెండేళ్లకే, 1898లో, మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ ఛటర్టన్ దానితో గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. 1900లో అక్కడే ఇండియన్ అల్యూమినియం కంపెనీ పుట్టింది. కొత్త గిన్నె బలమంతా ఒక్క మాటలో ఉంది: దీనికి కళాయి అక్కర్లేదు. కళాయి పోయిన రాగి గిన్నెలో పులుసు కాచి వాంతులు చేసుకున్న తరానికి అంతకంటే ఏం కావాలి? తేలిక, చవక, చిలుము పట్టదు. సిల్వర్ అనే పేరుతో అల్యూమినియం గంజులు, బిందెలు ఊరూరా నిండాయి. కళాయి పోసేవాళ్లు మెల్లగా కనుమరుగయ్యారు.

రెండో రాక వెనుక పెద్ద కష్టమే ఉంది: ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ కింద హాలియా నుంచి కోదాడ దాకా వరి పండింది. కాలువ ఎక్కని మర్రిగూడ, మునుగోడు మెట్టల్లో మాత్రం ఫ్లోరిన్ నీళ్లే గతి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇంకో సంగతి బయటపెట్టారు. ఫ్లోరోసిస్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. జలాశయం వచ్చాక ఊటనీరు పెరిగి, జొన్నలో మాలిబ్డినం ఎక్కువై, ఒంట్లో రాగి తగ్గడం కూడా దీనికి కారణం కావచ్చని కృష్ణమాచారి భావించాడు. నీళ్లు తెచ్చిన ప్రాజెక్టే జబ్బు రూపు మార్చిందనే మాట మింగడం ఆ రోజుల్లో ఎవరికీ తేలిక కాదు.

నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి పరిష్కారం చూపింది ఈ దశలోనే. 1970లలో వచ్చిన ఆ పద్ధతికి లోకమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. చేయడం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అడుగుకు కాస్త పైన కుళాయి బిగించిన బకెట్టులో బావినీళ్లు పోసి, సున్నం, బ్లీచింగ్ పొడి, పటిక కలుపుతారు. పావుగంట మెల్లగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడుగా మారి దూది పింజల్లా తేలుతుంది. ఫ్లోరైడ్ ఆ పింజల్ని అంటుకుంటుంది. గంట కదపకుండా ఉంచితే అవి అడుక్కి దిగుతాయి. పైనీళ్లు కుళాయి తిప్పి పట్టుకుని తాగడమే. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా పోయిందీ పద్ధతి.

చిక్కు కొలతలో ఉంది. ఫ్లోరైడ్, క్షారత ఎక్కువైన కొద్దీ లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక వేయాలి. సున్నం తప్పితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న అల్యూమినియం అడుక్కి దిగకుండా నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. తాగునీటిలో అల్యూమినియానికి మన ప్రమాణం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, వేరే గతి లేనప్పుడు 0.2. పొద్దున్నే కూలికి పోయే మనిషి రోజూ క్షారత కొలిచి పటిక తూచుకోవాలనడం ప్రయోగశాలలో కూర్చున్నవాళ్ల ఆలోచన. ఊళ్లలో ఆ బకెట్టు నిలవకపోవడానికి జనం అజ్ఞానాన్ని తప్పుపట్టడం నాకు నచ్చదు.

అటు నల్లగొండలో పటిక మందుగా నడుస్తుంటే, ఇటు ప్రపంచంలో అందులోని అల్యూమినియం మీద భయం మొదలైంది. 1970లలో డయాలిసిస్ రోగుల్లో మాట తడబడటం, మతి చెదరడం చూసి, 1976లో ఆల్‌ఫ్రే బృందం దాన్ని మెదడులో పేరుకున్న అల్యూమినియంతో ముడిపెట్టింది. తిన్నదాంట్లో వెయ్యోవంతు అల్యూమినియమే రక్తంలో చేరుతుంది, దాన్నీ కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీ పనిచేయని మనిషికి ఆ దారి మూసుకుపోతుంది. డయాలిసిస్ నీటిదైతే పేగుతో పని లేకుండా నేరుగా రక్తంలోకే వెళ్తుంది. మతిమరుపు జబ్బు ఆల్జైమర్స్‌కు కూడా ఇదే కారణమన్న అనుమానం అప్పటిదే. అర్ధశతాబ్దం దాటినా అది రుజువు కాలేదు.

మనకు అన్నిటికంటే దగ్గరగా తగిలిన వార్త శ్రీలంక నుంచి వచ్చింది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు అల్యూమినియం గిన్నెలో కాస్తే లోహం విపరీతంగా కరుగుతుందని 1987లో టెన్నకోన్, విక్రమనాయకే నేచర్ పత్రికలో రాశారు. ఫ్లోరిన్ నీళ్లు, సిల్వర్ గంజు కలిసిన మన జిల్లాకు ఇది పిడుగులాంటి మాటే. కానీ అదే ఏడాది అదే పత్రికలో, మళ్లీ ప్రయోగం చేసినవాళ్లు అంత కరగడం లేదని చూపించారు. గిన్నెను కరిగించేది ముఖ్యంగా పులుపు. బావినీళ్లు కాగి నల్లబడ్డ గంజులో ఒకసారి పప్పుచారు కాచి చూడండి, లోపల తళతళలాడుతుంది. గిన్నెను కాపాడే పైపొరను చింతపండు ఊడ్చేసిందని అర్థం. ఆ ఊడిన పొర చారులోనే ఉంటుంది.

మరి ఎంత తినొచ్చు? ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1989లో కిలో బరువుకు వారానికి 7 మిల్లీగ్రాములంది, 2006లో 1కి తగ్గించింది, 2011లో 2 దగ్గర ఆగింది. అంటే అరవై కిలోల మనిషికి వారానికి 120 మిల్లీగ్రాములు. 0.2 ఉన్న నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగితే వారానికి 4.2 మిల్లీగ్రాములే. గ్యాస్ పట్టిందని తాగే సిరప్‌లలో చాలావాటికి అల్యూమినియం హైడ్రాక్సైడే ప్రాణం, ఒక్క చెంచాలో అంతకు ఎన్నో రెట్లుంటుంది. సిల్వర్ గిన్నె చూసి బెదిరేవాళ్లు ఆ సీసా ఎత్తి గుటకేయడం నాకు ఎప్పుడూ వింతే.

ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నది నీళ్లలో బురద దించడానికీ శుద్ధి కేంద్రాల్లో వాడేది పటికో, అలాంటి అల్యూమినియం లవణమో. కాకపోతే అక్కడ కొలిచే మనిషి ఉంటాడు. ఇక గిన్నెల సంగతికొస్తే, పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు పచ్చడి, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియంలో నిల్వ ఉంచొద్దన్నాయి. గోంగూర పచ్చడి రాత్రంతా సిల్వర్ గిన్నెలో వదిలేయకుండా జాడీలోకి తీస్తే సరిపోతుంది. ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే పులుపు వంటకు స్టీలో మట్టో వాడాలి, గ్యాస్ సిరప్ డాక్టరును అడగందే ఇవ్వకూడదు.

నా లెక్కలో అసలు భయపడాల్సింది అల్యూమినియంలో కలిసే సీసానికి. పాత ఇంజను భాగాలు, తుక్కు కరిగించి పోసిన గిన్నెల నుంచి సీసం వంటలోకి దిగుతుంది, అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇక్కడినుంచి వెళ్లిన కొన్ని అల్యూమినియం, ఇండాలియం గిన్నెల మీద ఇదే హెచ్చరిక చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. బండి మీద తూకానికి అమ్మే గంజు కొనేటప్పుడు అడుగున ఆ ముద్ర ఉందో లేదో తిప్పి చూడాలి.