చిన్నపిల్లలకు సర్వే నేర్పడం: అడగడం, గీత గీయడం, సరిచూడటం

ఈ వారంలో మీ అబ్బాయో అమ్మాయో కాగితం, పెన్సిలు పట్టుకొని వచ్చి "అమ్మా, పొద్దున టిఫినుకు నీకు ఏది ఇష్టం?" అని అడిగితే విసుక్కోకండి. అది లెక్కల పాఠమే. పుస్తకంలో దీనికి "దత్తాంశ నిర్వహణ" అని పేరు. దత్తాంశం అంటే అడిగి, చూసి, లెక్కపెట్టి రాసుకున్న సమాచారం, అంతే.

ఏ తరగతిలో ఎంతవరకు

1, 2 తరగతుల పిల్లలకు గీతలు, పట్టికలు వద్దు. ఇడ్లీ, దోసె, పూరి అని మూడు గిన్నెలు పెట్టండి. ప్రతి ఒక్కరూ తమకు ఇష్టమైన గిన్నెలో ఒక చింతగింజ వెయ్యాలి. తరువాత లెక్కపెట్టడమే.

3వ తరగతిలో గణన చిహ్నాలు నేర్పుతాం. ఒక్కో జవాబుకు ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. అప్పుడు అయిదు, పది, పదిహేను అని గబగబా లెక్కపెట్టవచ్చు. పాల లెక్కకు గోడమీద బొగ్గుతో గీతలు గీసిన రోజులు మీ ఇంట్లో అవ్వాతాతలకు గుర్తుండే ఉంటాయి. పిల్లలచేత వాళ్లను అడిగించండి.

4, 5 తరగతులవాళ్లు ఆ లెక్కను బొమ్మగా చూపాలి. ఒక జవాబుకు ఒక ఖాళీ అగ్గిపెట్టె చొప్పున పేర్చితే అదే కమ్మీ చిత్రం. పెట్టెలన్నీ ఒకే సైజువి కావాలి, అన్ని వరుసలూ ఒకే గీతమీద మొదలవ్వాలి. లేకపోతే తక్కువది ఎక్కువలా కనిపిస్తుంది.

తప్పులు ఎక్కడ వస్తాయి

"నువ్వు బడికి ఎలా వస్తావు?" అనే ప్రశ్న తీసుకుందాం. నడిచి, సైకిలు, బస్సు, ఆటో అని నాలుగు గళ్లు. అడిగింది 30 మందిని అనుకుందాం, గీతలు మాత్రం 33 వచ్చాయి. ఎందుకు? కొందరు బస్‌స్టాపు దాకా నడిచి, అక్కడినుంచి బస్సు ఎక్కుతారు. వాళ్లకు రెండేసి గీతలు పడ్డాయి. ఇక్కడ పిల్లవాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు, సరిగా లేనిది ప్రశ్న. "ఎక్కువ దూరం ఎందులో వస్తావు?" అని మార్చి అడిగితే సరిపోతుంది. అందుకే ఎంతమందిని అడిగామో ముందే రాసుకోవాలి. చివరికి మొత్తం దానితో సరిచూసుకోవాలి.

ఇంకో తప్పు, ఎవరిని అడుగుతున్నామన్నది. బస్సు దిగే చోట నిలబడి అడిగితే అందరూ బస్సనే అంటారు. తన బెంచీవాళ్లను మాత్రమే అడిగినవాడు తరగతి మొత్తం గురించి చెప్పలేడు.

మూడోది, అడిగే తీరు. "నీకు కూడా దోసే ఇష్టం కదా?" అంటే అది ప్రశ్న కాదు, జవాబు మనమే నోట్లో పెట్టినట్టు. ఒకరు గట్టిగా చెప్పగానే మిగతావాళ్లూ అదే అంటున్నారా? చీటీల మీద రాయించండి. చెప్పడం ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

మన ఇళ్లలో ఒక సర్వే

పెద్ద తరగతుల పిల్లలకు భాష మీద సర్వే ఇవ్వబోతున్నాం. "నీ భాష ఏది?" అని ఒక్క ప్రశ్న వేస్తే మన పిల్లలు తికమకపడతారు. అవ్వతో తెలుగు, వీధిలో తమిళం, ట్యూషన్‌లో ఇంగ్లీషు. అందుకని మూడు ప్రశ్నలుగా విడగొట్టాం: చిన్నప్పుడు అమ్మ నీతో ఏ భాషలో మాట్లాడింది? ఇప్పుడు ఇంట్లో ఎక్కువగా ఏ భాష? స్నేహితులతో ఏ భాష? మూడింటికీ మూడు వేరు జవాబులు రావచ్చు. మూడూ నిజమే.

జనగణనలోనూ ఇలాగే చేస్తారు. చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషనే మాతృభాషగా రాసుకుంటారు. వచ్చిన ఇతర భాషలు రెండింటిదాకా విడిగా రాసుకుంటారు. 2011 లెక్కలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చెయ్యడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. మన పిల్లలు ఎంతమంది ఉన్నారో కాగితం మీద కనిపించకపోతే, ఆ ఏర్పాటు అడగడం కష్టమవుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. లెక్క రాసుకునేవారు తమిళంలో అడిగారని, జవాబు కూడా తమిళమే అనేయకండి. ఇంట్లో తెలుగు తగ్గిపోయి ఉంటే దాన్నీ దాచకండి. మీరు పిల్లల ఎదుట చెప్పే జవాబే వాళ్లకు మొదటి పాఠం.

పిల్లలూ, వచ్చే సోమవారానికి మీ ఇంట్లో, పక్క రెండిళ్లలో ఈ మూడు ప్రశ్నలు అడిగి రండి. పేర్లు రాయనక్కరలేదు, గీతలు చాలు. ఎంతమందిని అడిగారో పైన రాయడం మరిచిపోవద్దు. జవాబు చెప్పినవారికి "థాంక్సండీ" అని చెప్పి రండి.