సవరపు మెకం నుంచి క్లిప్పుల జడ దాకా

తెలుగులో 'సవరము' అన్న మాట 'చామరము' అనే సంస్కృత పదానికి వికృతి. చామరమంటే వింజామర. హిమాలయ ప్రాంతాల్లో తిరిగే చమరీమృగం తోక వెంట్రుకలతో దాన్ని కడతారు. ఆ మృగానికి మన నిఘంటువులలో 'సవరపు మెకము' అని పేరు. కుమారసంభవం ప్రథమ సర్గలో కాళిదాసు పార్వతి కురులను వర్ణిస్తూ, పశువులకే గనుక సిగ్గుంటే ఆ కేశపాశాన్ని చూసిన చమరీమృగాలకు తమ తోకల మీద మక్కువ సడలిపోయేదన్న భావం చెప్పాడు. ఆ తరువాత మన ప్రబంధకవులు నాయిక జడను వర్ణించవలసి వచ్చినప్పుడల్లా ఆ మూగజీవాన్ని సిగ్గుపరుస్తూనే వచ్చారు. అది కావ్యం సంగతి. ఇంట్లో సంగతి వేరు. చాలని జుట్టుకు చేర్చుకొనే పెట్టుడు జుట్టుకు మన ఆడవాళ్ళు ఆ మృగం తోక పేరే పెట్టుకొన్నారు. కావ్యంలో ఓడిన మెకం వాడుకలో గెలిచిందన్నమాట.

మా హిందూపురం కన్నడ సరిహద్దు మీది ఊరు. ఇక్కడ ఒకే వీధిలో ఒకరు 'సవరం' అంటే, పక్కింటివారు 'సౌరం' అంటారు, ఎదురింటి కన్నడమువారు 'చౌరి' అంటారు. తమిళులు 'సవురి' అంటారు. నాలుగు నోళ్ళలో నలిగినా తల్లి ఒక్కటే.

ఈ మధ్య మా ఊరి అలంకరణ సామగ్రి దుకాణాల్లో అదే వస్తువు కొత్త వేషంలో కనిపిస్తున్నది. జుట్టును అడ్డపట్టీలకు కుట్టి, ఆ పట్టీలకు చిన్న చిన్న క్లిప్పులు తగిలిస్తారు. తలలో పాపిడ తీసి, కుదుళ్ళ దగ్గర క్లిప్పు నొక్కితే చాలు, అయిదు నిమిషాల్లో భుజాల దాకా ఉన్న జుట్టు నడుము దాకా దిగుతుంది. ఇది మనకు తగునా, తగదా అని ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు. తెలుగు పాఠాలు చెప్పుకొన్న మనిషిని జుట్టు గురించి అడగడమేమిటని మొదట నవ్వుకొన్నాను. తరువాత ఆలోచిస్తే, ఈ ప్రశ్నకు మన ప్రాంతంలోనే పెద్ద చరిత్ర ఉన్నదనిపించింది. ఆ చరిత్రను కొంత నెమరు వేసుకోవడమే ఈ టపా ఉద్దేశం.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండలో అధికారం నెరపిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం అది. మంటపాల పైకప్పుల మీద గిరిజాకల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం వంటి ఘట్టాలు రంగుల్లో ఉన్నాయి. చూడడానికి వెళ్ళినవారందరూ చీరల అంచులు చూసి వస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు తలలు చూడండి. స్త్రీల కొప్పులు మెడ వెనుక ఒక పక్కకు ఒరిగి, నిండుగా, బరువుగా ఉంటాయి. ఒద్దికగా ముడిచిన జుట్టుకు అమరకోశంలో 'ధమ్మిల్లము' అని ప్రత్యేకమైన పేరున్నది. ఆ పేరుకు బొమ్మ కావాలంటే లేపాక్షికి రావలసిందే. అంత నిండుదనం వరుసలో నిలుచున్న ప్రతి స్త్రీకీ ప్రకృతి ఇచ్చినదేనని నేననుకోను.

1520 ప్రాంతాల్లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవాల్లో అంతఃపుర స్త్రీలు తలకు ఎత్తైన టోపీలు పెట్టుకొని, వాటి మీద పెద్ద ముత్యాలతో చేసిన పూలు ధరించారని రాశాడు. ఆ టోపీల పేరును అతడు తనకు వినిపించినట్లు 'కొల్లాయెస్' అని రాసుకొన్నాడు. అది మన కుళ్ళాయి! 1565లో రాక్షసి-తంగడి యుద్ధం తరువాత తిరుమల దేవరాయలు పెనుకొండకు తరలివచ్చినప్పుడు రాజ్యంతోపాటు ఈ అలంకార సంప్రదాయాలూ మా కొండ కిందికి వచ్చి ఉంటాయి. ఇంతకూ ఆ కాలం వారికి తలకట్టు పుట్టుకతో వచ్చినదా, పెట్టుకొన్నదా అన్న పట్టింపు ఉన్నట్టు తోచదు. ముత్యాల పువ్వు ఎలాగో, కొప్పు అలాగే. అది సందర్భానికి తగిన ఆభరణం.

రంగస్థలం మీద ఈ దృష్టి మరీ స్పష్టం. భామాకలాపంలో సత్యభామ తన జడను తెర మీదుగా సభలోకి వేయడం కూచిపూడి వారి ఆచారం. తమను మించి ఆడగలవారుంటే వచ్చి ఆ జడ కోయవచ్చునని దాని అర్థమంటారు. ఆ జడ పెట్టుకొన్నది పురుషుడు, ఆ జుట్టు అతనిది కాదు. అయినా దాని మీద ఒక మేళం పరువు మొత్తం వేలాడింది. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా వచ్చినప్పుడు ప్రేక్షకులు ఆ జడ ఎవరిదని అడగలేదు. పెట్టుడు జుట్టు మోసమయితే ఇదంతా మోసమే కావాలి.

మరి ఇళ్ళలో? ఇక్కడ చరిత్ర అంత ముచ్చటగా లేదు. సవరం పెట్టుకొనే హక్కు అందరిదీ కాదు. జడ, పువ్వు, సవరం ఇవన్నీ ముత్తైదువ లక్షణాలు. కొన్ని కులాలలో, ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాలలో, భర్త పోయిన స్త్రీకి తల గొరిగించేవారు. ఆమె పదేళ్ళ పిల్ల అయినా అంతే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన తరువాత కూడా ఈ ఆచారం పల్లెల్లో దశాబ్దాల పాటు కొనసాగింది. అంటే, తల మీద ఎంత జుట్టు ఉండాలి, ఉండవచ్చునా అన్నది ఆమె తేల్చుకొనే విషయం కాదు. పెళ్ళిలో పెద్దలు సవరం పెట్టించేవారు, ఆ పెళ్ళి చెదిరితే ఆ పెద్దలే మంగలిని పిలిపించేవారు. ఈ రోజు ఒక ఆడపిల్ల దుకాణంలో నిలబడి 'నాకిది తగునా?' అని తనను తాను అడుగుతున్నదంటే, ఆ ప్రశ్న చిన్నదే కావచ్చు, దాని వెనుక గడిచిన దూరం చిన్నది కాదు.

మా అమ్మ తరం వారు సవరాన్ని కొనేవారు కాదు. తల దువ్వుకొన్నప్పుడు రాలిన చిక్కు వెంట్రుకలను ఉండ చుట్టి గోడ సందుల్లో దాచేవారు. తగినంత పోగయ్యాక, సవరాలు కట్టే స్త్రీలు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇచ్చేవారు. వారు చిక్కు విడదీసి, పాయలుగా సరిచేసి, మొదలు దారంతో బిగించి ఇచ్చేవారు. అది ఎవరి జుట్టు వారికే. ఇప్పటి వెలిసిన జడకు పదేళ్ళ కిందటి నల్లని జడను తోడు చేసుకోవడమన్నమాట. సవరాన్ని మెడ దగ్గర, జడ మొదట్లో కలిపి అల్లి, చివర కుచ్చులు కట్టేవారు. పెళ్ళికో, పేరంటానికో తీయడం, తిరిగి డబ్బాలో దాచడం. నిత్యమూ పెట్టుకొన్నవారిని నేను చూడలేదు.

తరువాత చిక్కు వెంట్రుకలకు పిన్నీసులు, స్టీలు గిన్నెలు ఇచ్చేవారు వీధుల్లోకి వచ్చారు. మా గోడ సందుల్లోని జుట్టు వ్యాపారమయింది. కర్ణాటకలో కొప్పళ పక్కనున్న భాగ్యనగరంలోనూ, మన ఏలూరు ప్రాంతంలోనూ జుట్టును శుభ్రం చేసి వరుసపెట్టడం పెద్ద వృత్తి. మరొక దారి తిరుమల కల్యాణకట్ట. భక్తులు మొక్కుగా ఇచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఒకేసారి తీసిన జుట్టు కనుక మొదళ్ళన్నీ ఒక వైపు, చివరలన్నీ ఒక వైపు ఉంటాయి. అందువల్ల చిక్కు పడదు, ధర ఎక్కువ. చిక్కు వెంట్రుకలలో మొదలు, చివర కలిసిపోతాయి గనుక వాటిని రసాయనాలతో నునుపు చేయవలసి వస్తుంది. 2004లో ఈ తలనీలాల మీద దేశాంతరంలో పెద్ద దుమారం లేచింది. సనాతన యూదు వివాహితలు తమ జుట్టు కనిపించకుండా విగ్గులు ధరిస్తారు. అన్యమతపు దేవాలయంలో సమర్పించిన జుట్టు తమకు నిషిద్ధమని జెరూసలేములోని మతపెద్ద రబ్బీ ఎల్యాషివ్ తీర్పు చెప్పడంతో, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో వారు విగ్గులను వీధిలో తగులబెట్టారు. మన ఊరి తల్లి బిడ్డ జ్వరం తగ్గాలని మొక్కి ఇచ్చిన జుట్టు ఎంత దూరం వెళ్ళి, ఏ ధర్మసందేహంలో పడిందో చూడండి! 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఇంత చరిత్ర ఉన్న వస్తువును కొనేటప్పుడు, అది ఎవరి తల నుంచి వచ్చిందో ఒక్క క్షణం తలుచుకోవడం మర్యాద అని నా అభిప్రాయం.

ఇక అసలు ప్రశ్న. పెనుకొండలో నా దగ్గర చదువుకొన్న అమ్మాయి ఒకతె హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తున్నది. పెళ్ళి కుదిరాక టైఫాయిడు వచ్చింది. జ్వరం తగ్గిన రెండు నెలలకు జుట్టు గుప్పిళ్ళతో ఊడింది. ధర్మవరంలో పెళ్ళిచీర తీసుకొన్న రోజున మగపెళ్ళివారిలో ఎవరో, చీరకున్నంత అంచు కూడా జడకు లేదే అన్నారట. "క్లిప్పులది పెట్టుకోవల్లనా, వద్దా మేడం? దొంగజుట్టని నవ్వుతారేమో" అని అడిగింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూస్తే నాకు చమరీమృగం, అమరకోశం ఏవీ గుర్తు రాలేదు. జ్వరం తరువాత ఊడిన జుట్టు సాధారణంగా కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుందని, రాకపోతే చర్మవైద్యునికి చూపించుకోమని ముందు చెప్పాను. తరువాత ఇద్దరం కూర్చొని లెక్క వేసుకొన్నాం.

మొదటిది, తలలో ఉన్న జుట్టు. క్లిప్పును మోసేది అదే. పట్టీలన్నీ కలిపితే 100 నుంచి 200 గ్రాముల దాకా తూగుతాయి. కుదుళ్ళు బలహీనంగా ఉన్నప్పుడు ఆ బరువు రోజూ లాగితే ఉన్నది కూడా పోతుంది. ఒకటి రెండు పూటలయితే ఫరవాలేదు. రెండవది, పని. మిషను ముందు వంగి కూర్చొనే మనిషికి వేలాడే జుట్టు ప్రమాదం. కాబట్టి అది ఉద్యోగానికి కాదు. మూడవది, మన అలవాట్లు. నూనె రాసిన తలలో క్లిప్పు జారుతుంది. మన బోరునీళ్ళ గట్టితనానికి ఎవరి జుట్టయినా బిరుసెక్కుతుంది. పెట్టుకొన్నది నిద్రకు ముందు తీసి, చిక్కు తీసి, ఆరబెట్టి దాచాలి. ఆ ఓపిక లేనివారు కొనకపోవడమే మేలు. ప్లాస్టిక్కు నారతో చేసినది చవకే గాని, వేడి ఇస్త్రీ తగిలితే కరుగుతుంది.

నాలుగవది ఏ పుస్తకంలోనూ ఉండదు. మన పెళ్ళిలో జీలకర్ర-బెల్లం నడినెత్తిన పెడతారు. తలంబ్రాలు తలంతా నిండుతాయి. చెవుల పైదాకా క్లిప్పులు వరుసగా పెడితే ఆ జిగురూ బియ్యమూ వాటిలో చిక్కుకొంటాయి. మన పాత సవరం మెడ దగ్గరే ఎందుకు ఉండేదో అప్పుడు నాకు అర్థమయింది. అది సౌందర్యమే కాదు, శాస్త్రోక్తమైన సౌకర్యం కూడా.

ఆ అమ్మాయి రెండే పట్టీలు, మెడకు దగ్గరగా, పెట్టుకోవాలని నిశ్చయించుకొన్నది. వారం ముందు ఇంట్లో సగం రోజు పెట్టుకొని చూసుకొన్నది. దాని మీద కనకాంబరాల పూలజడ. అత్తగారితో తానే, "అత్తా, సగం నాది, సగం కొన్నది" అని చెప్పిందట. ఆవిడ నవ్వి, తన పెళ్ళిలో తనకూ సవరమే కట్టారన్నదట.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని సామెత. జుట్టు లేనమ్మ సంగతి సామెత చెప్పలేదు. లేపాక్షి చిత్రకారుడు, కూచిపూడి భాగవతులు, సవరాలు కట్టిన ఆ పేరు తెలియని స్త్రీలు చెప్పారు. సందర్భానికి పెట్టుకో, తీసి దాచుకో, దానికి సిగ్గుపడకు. ఇంట్లోవారి మాటకు జడిసి పెట్టుకొంటే అది బరువు, తన మనసుకు నచ్చి పెట్టుకొంటే అది నగ. పెట్టుకోకుండా పొట్టిజడతో పీటల మీద కూర్చొన్నా నిండు పెళ్ళికూతురే.

మీ ప్రాంతాల్లో సవరాన్ని ఏమంటారో, మీ ఇళ్ళలో దాన్ని ఎవరు కట్టేవారో తెలిసిన మిత్రులు తప్పక రాయండి. ఆ మాటలు మన నిఘంటువులకెక్కకముందే పోతున్నాయి.