కుషింగ్, హార్వీ విలియమ్స్ (1869–1939)

అమెరికాకు చెందిన మెదడు శస్త్రవైద్యుడు, కణితుల పరిశోధకుడు. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో 1869 ఏప్రిల్ 8న జన్మించారు. 1895లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పొంది, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ దగ్గర శిక్షణ పొందారు. తరువాత చాలాకాలం బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పనిచేశారు.

మెదడు శస్త్రచికిత్సకు ఆయనే ఆద్యుడని రాసినవారు చాలామంది ఉన్నారు. కానీ అంతకుముందే శస్త్రవైద్యులు మెకివెన్ (1879), గాడ్లీ (1884) పుర్రె తెరిచి కణితులు తీశారు. ఆ రోజుల్లో రోగి ప్రాణానికి పెద్ద గండం నెత్తురే. దానిని అదుపులోకి తెచ్చిన ఘనత మాత్రం ఎక్కువగా కుషింగ్‌దే అనడం సబబు. 1911లో చిన్న వెండి క్లిప్పులతో రక్తనాళాలను బిగించే పద్ధతి ప్రకటించారు. 1926 అక్టోబరు 1న, కొద్దిరోజుల ముందు రక్తస్రావం ఆగక మధ్యలోనే వదిలేసిన కణితిని, భౌతిక శాస్త్రవేత్త బోవీ తయారుచేసిన విద్యుత్ పరికరంతో తీశారు. అంతకుముందు చేయి పెట్టలేమని పక్కన పెట్టిన రోగులను ఆపై మళ్లీ పిలిపించారు.

ఆయన పేరిట ఉన్న కుషింగ్ వ్యాధిని ఎప్పుడు గుర్తించారన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. మిన్నీ జి. అనే రోగి వివరాలు ఆయన 1912 నాటి గ్రంథంలోనే ఉన్నందున కొందరు ఆ ఏడాదినే చెబుతారు. అయితే ఆ వ్యాధి లక్షణాలకు పీయూష గ్రంథిలోని చిన్న కణితి కారణమని ఆయన వాదించింది 1932 వ్యాసంలో. ఆ సంవత్సరమే ఎక్కువ సమంజసం.

పెర్సివల్ బెయిలీతో కలిసి గ్లయోమాలనే మెదడు కణితులను వర్గీకరించారు (1926). మెదడు పొరల కణితికి మెనింజియోమా అన్న పేరు పెట్టిందీ కుషింగే (1922). ఈ పరిశోధనకు ఆధారం ఆయన పోగుచేసిన కణితుల రిజిస్ట్రీ. తీసిన ప్రతి కణితినీ భద్రపరిచేవారు; ఆపరేషన్ బొమ్మ స్వయంగా గీసేవారు; ఏటా ఆపరేషన్ జరిగిన తేదీకి తమ క్షేమసమాచారం రాయమని రోగులను కోరేవారు. కార్యదర్శిగా చేరి, వైద్యం చదివి, కణితుల నిపుణురాలైన లూయీస్ ఐసెన్‌హార్ట్ ఫలితాలన్నీ చిన్న నల్ల పుస్తకంలో లెక్కగట్టేవారు. ఆమె పాత్రను చాలా జీవితచరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలతోనే సరిపెట్టడం అన్యాయం. 1938 నాటి మెనింజియోమాల గ్రంథంపై ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

1931 ఏప్రిల్ 15న నిర్ధారిత కణితుల్లో రెండువేలవ ఆపరేషన్ చేశారు. ఆయన రాసిన వైద్యుడు ఆస్లర్ జీవితచరిత్రకు 1926లో పులిట్జర్ బహుమతి లభించింది. 1939 అక్టోబరు 7న న్యూహేవెన్‌లో గుండెపోటుతో మరణించారు. శవపరీక్షలో ఆయన మెదడులోనూ, మూడో జఠరికలో, చిన్న కొల్లాయిడ్ తిత్తి కనిపించింది. చాలాకాలం యేల్‌లో ఒక విద్యార్థి వసతిగృహం నేలమాళిగలో పడివున్న, కణితులు భద్రపరిచిన ఆయన గాజు జాడీలు 2010 నుంచి అక్కడి వైద్య గ్రంథాలయంలో ప్రదర్శనలో ఉన్నాయి.