మూకీ యుగపు రాక్షసులు

ఢిల్లీ నగరములో ఏటేటా విజయదశమినాడు రావణుడు దగ్ధమవుతాడు. రామలీలలో అన్ని రాత్రులు గర్జించిన పాత్రధారి పక్కకు తొలగగా, వెదురుతోను కాగితముతోను కట్టిన నిలువెత్తు బొమ్మ ఒక్క మాటయైన లేకుండ నిప్పందుకొంటుంది. ఆ నగరమునకు చేరువనే, గ్రేటర్ నోయిడా ప్రాంతములోని బిస్రఖ్ గ్రామములో రావణుడు తమ ఊరివాడనే విశ్వాసము కలదు. అచ్చటివారు సంప్రదాయముగా ఆ దహనము జరుపరు. ఒకచోట అతడు శత్రువు, మరొకచోట బంధువు. భయపెట్టేవాడు మాత్రము ఎక్కడా కాడు. మూకీ చిత్రములలోని మన రాక్షసులను భీతిగొలిపే కథలుగా మరల తెరకెక్కింప దలచినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

పాశ్చాత్యులకు ఈ చిక్కు లేదు. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’ స్టోకర్ రచించిన ‘డ్రాకులా’ నవలకు అనుమతి లేని అనుకరణమని ఆ రచయిత భార్య వ్యాజ్యము వేసినది. ప్రతులన్నిటిని నాశనము చేయవలసినదని న్యాయస్థానము తీర్పు చెప్పినను కొన్ని తప్పించుకొన్నవి. ఆ రక్తపిపాసినే 1979లో హెర్జోగ్, 2024లో ఎగ్గర్స్ పునఃసృష్టి చేసినారు. 1927 నాటి ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ చిత్రమునకు ఆ అదృష్టము లేదు. దాని ప్రతి 1965 నాటి అగ్నిప్రమాదములో నశించినదని చెబుతారు. అయినను కోరపండ్లతో కనబడే లాన్ చానీ ముఖము నిశ్చల ఛాయాచిత్రములలో మిగిలి, చూచినవారిని నేటికిని వెన్నాడుచునే యున్నది.

మన దేశములో 1913 మొదలు టాకీలు స్థిరపడే వరకు సుమారు 1,300 మూకీలు తయారైనవి. పూర్తిగానో ముక్కలుగానో నేడు దక్కినవి ముప్పది వరకు మాత్రమే. నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకొనే పదార్థము. అందలి వెండి కొరకు దానిని కరగించినవారును కలరు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది 1964లో. అప్పటికే ఆ సంపదలో అధికభాగము నశించినది.

దక్కిన కొద్దిలో ఫాల్కే తీసిన ‘కాళీయమర్దనము’ (1919) ఒకటి. చిత్రారంభములో ఆయన తన చిన్నకూతురు మందాకిని ముఖములోని భావములను వరుసగా చూపి, పిమ్మట ఆ బాలికనే కృష్ణునిగా మార్చి చూపినాడు. ఇది వేషమని ముందే చెప్పి, ఆ తరువాత సర్పముతో పోరాటమునకు ప్రేక్షకుని సిద్ధము చేయుట సామాన్యమైన ధైర్యము కాదు.

తెలుగువారి నష్టము ఇంకను పెద్దది. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసున నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు లేదు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన ‘భక్తప్రహ్లాద’ కూడ లేదు. హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్యగారు నటించిన ఆ చిత్రముతో, తెలుగు తెరపై మాటాడిన మొదటి రాక్షసుడును మనకు దక్కకుండ పోయినాడు.

అయినను ఆ రాక్షసులను మనము మరువలేదు. వారి ముఖములను మరచినాము గాని మాటలను మరువలేదు. బాబూరావు పెయింటరు 1925లో ‘మాయాబజారు’ను మూకీగా తీసినాడు. 1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వములో అదే కథ తెలుగున వచ్చినపుడు, పింగళి నాగేంద్రరావుగారి సంభాషణలతో ఘటోత్కచుడు ఇంటింటి చుట్టమైనాడు. పద్యమునకు, సంభాషణకు నోరిచ్చిన రాక్షసుని తెలుగు ప్రేక్షకుడు ప్రేమించినాడే గాని అతనికి జడిసినవాడు కాడు.

ఇందుకు భిన్నమైన సాక్ష్యము ఒకటి కలదు. పెయింటరు 1920లో ‘సైరంధ్రి’ తీసినాడు. దానికి మూలమైన ఖాడిల్కరు మరాఠీ నాటకము ‘కీచకవధ’లో కర్జను ప్రభువును కీచకునిగా చూపినారని ప్రభుత్వము 1910లో నిషేధించినది. చిత్రమునకు వేరొక ఆపద వచ్చినది. వధాదృశ్యము మితిమీరి వాస్తవముగా నున్నదని సెన్సారు వారు దానిని తొలగింపజేసినారు. మాటాడే కీచకునికి ఆ అవస్థ లేకపోయినది. 1963 నాటి ‘నర్తనశాల’లో ఆ పాత్ర ధరించిన ఎస్.వి. రంగారావుగారు జకార్తా ఉత్సవములో ఉత్తమ నటునిగా సత్కారము పొందినారు. పలికే కీచకుడు రసికుల మెప్పు పొందగా, మూగకీచకుని మరణము అధికారులను కూడ బెదరించినది.

కారణము కథలోనే యున్నది. కీచకుడు చీకటిగదిలో ప్రవేశించి, ఎదురుచూచిన స్త్రీ అనుకొని చేయి చాపగా, ఆ చేతికి తగిలినది భీముని శరీరము. హిరణ్యకశిపుడు తన సభలోని స్తంభమును తానే కొట్టగా, అందుండి మనుష్యుడును మృగమును కాని రూపము వెలువడినది. పాశ్చాత్యకథలో భూతము నిర్దోషిపై పడుతుంది. మన కథలలో, తన బలమునకు తిరుగు లేదనుకొన్నవానిమీదకే భయము వచ్చి పడుతుంది. మనకు నిజముగా భీకరమైనది రాక్షసుడు కాదు, అతనికోసము చీకటిలో వేచియున్నది.

కాబట్టి మూకీ రాక్షసులను పునఃసృష్టి చేసేవారు ప్రేక్షకుని రాక్షసుని స్థానములో నిలబెట్టవలెను. కొమ్ములు, కోరలు, రంగులు పెంచినందున భయము పెరుగదు. కీచకుని నోట శృంగార సంభాషణము, హిరణ్యకశిపుని నోట ధిక్కార పద్యము పెట్టిన మరుక్షణమే అతడు మన పాత చుట్టమవుతాడు. గదిలోని చీకటి, చాచిన చేయి, స్తంభములోని చిన్న పగులు, వీనిని మాట సాయము లేకుండ నడపవలెను.

ఇది తెలుగు రచయితకు కష్టమైన పని. అతని బలమంతయు పలుకులో నున్నది. దక్షిణదేశపు మూకీ డేరాలలో తెర ప్రక్కన నిలిచి కథ చెప్పేవానిని కూడ ఒకచోట ఊరకుండమని రచయిత చెప్పవలసియున్నది. నశించిన చిత్రములను ఎవరును తిరిగి తేలేరు. కాని ఆనాటి నిశ్చలచిత్రములు, ప్రకటనలు, సెన్సారు పత్రములు దొరికినంతవరకు సేకరించి, ‘సైరంధ్రి’లో తొలగించిన ఆ ఒక్క దృశ్యమునుండి పని మొదలు పెట్టవచ్చును.