మూలకు జరిగిన మంత్రి

చదరంగం బల్ల ఒకటి ముందు పెట్టుకుని ఇది చదవండి. తెల్ల పావుల వైపు కూర్చుంటే మీ ఎడమచేతి దిగువ మూల గడి ఏ1. అక్కడి నుంచి కుడికి బి, సి, డి అంటూ హెచ్ దాకా అక్షరాలు, పైకి 1 నుంచి 8 దాకా అంకెలు.

ఖాళీ బల్ల మీద మంత్రిని నడుమ ఉన్న డి4లో ఉంచితే అది 27 గడులకు వెళ్లగలదు. ఏ1లో ఉంచితే 21 గడులకే. పావులకు నడుమ ఉంటేనే బలం అన్నది చదరంగంలో తొలి పాఠాల్లో ఒకటి. మరి 1924లో ఒక గొప్ప ఆటగాడు అన్నిటికంటే విలువైన పావును, కోరి మరీ మూలకు ఎందుకు పంపాడు?

ఆయన పేరు రిచర్డ్ రేటీ. 1889లో, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని పెజినోక్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు స్లొవాకియాలో ఉంది. వియన్నాలో గణితం చదివాడు. అప్పటి పెద్దలు ఆట మొదట్లోనే బంట్లను ముందుకు తోసి నడిమి గడులను ఆక్రమించాలనేవారు. నడుమను ఆక్రమించనక్కర లేదు, దూరం నుంచి గురిపెట్టి ఉంచినా చాలు అన్నది రేటీ తరం వాదన. అందుకే ఆయన గుర్రాన్ని ఎఫ్3కి, బంటును సి4కి నడిపి, శకటాలను పక్కలకు చేర్చి, తొందరపడకుండా ఆట మొదలుపెట్టేవాడు. ఈ నెమ్మది ప్రారంభానికే ఆయన పేరు స్థిరపడింది.

శకటాన్ని ఇలా పక్కకు చేర్చే పద్ధతితో మన దేశానికీ సంబంధం ఉంది. పాత భారతీయ నియమాల్లో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. ఆ ఆటకు అలవాటుపడినవారికి పక్క బంటును ఒక అడుగు జరిపి, దాని వెనుక శకటాన్ని నిలపడం సహజం. 19వ శతాబ్దం నడుమ కలకత్తాలో జాన్ కాక్రేన్‌తో ఆడిన మహేశ్‌చంద్ర బెనర్జీ ఆటలు దీనికి మంచి సాక్ష్యం. అలాంటి ప్రారంభాలను నేటికీ 'ఇండియన్' అనే పిలుస్తారు.

ఇక అసలు సంగతికి వద్దాం. 1924 మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూయార్క్‌లో 11 మంది మేటి ఆటగాళ్లు, ప్రతి ఒక్కరూ మిగతా అందరితో రెండేసి ఆటలు ఆడారు. ఆ పోటీలో ఇంగ్లండ్ ఆటగాడు యేట్స్‌పై రేటీ తెల్ల పావులతో ఆడిన ఆటను మీ బల్ల మీద పేర్చి చూడండి. తెల్ల శకటం సి1 నుంచి బి2కు, గుర్రం బి1 నుంచి డి2కు వెళ్లాయి. ఏ1లోని ఏనుగు 11వ ఎత్తులో సి1కి, 12వ ఎత్తులో సి2కు జరిగింది. ఇప్పుడు మొదటి అడ్డవరుసలో డి1 నుంచి ఏ1 దాకా దారంతా ఖాళీ. 13వ ఎత్తులో మంత్రి ఒక్క ఊపున మూలకు చేరింది. 14వ ఎత్తులో రెండో ఏనుగు సి1కి వచ్చింది.

ఏ1 నుంచి ఐమూలగా చూపు సారించండి. బి2లో శకటం, ఆ వెనుక సి3, డి4, ఇ5. నడిమి గడుల్లో రెండు ఈ వరుసలోనే ఉన్నాయి. నల్ల బంటు ఇ5లో నిలిచి ఉంది. ముందున్న శకటం ఎక్కడైనా దెబ్బతింటే, తీసిన పావును వెనుక నుంచి మంత్రి కొట్టగలదు. వరుస తారుమారై మంత్రి ముందుంటే, చిన్న పావుకు బదులు మంత్రినే పోగొట్టుకోవాలి. అంటే మంత్రి మూలకు దాక్కోలేదు. శకటానికి వెన్నుదన్నుగా నిలిచింది. పైగా ఏనుగులు రెండూ సి వరుసలో ఒకదాని వెనుక ఒకటి చేరాయి. 31 ఎత్తుల్లో రేటీ గెలిచాడు.

అయితే ఎత్తు గొప్పదని రుజువైనట్టేనా? తొందరపడకండి. అదే పోటీలో లాస్కర్‌తో ఆడినప్పుడూ రేటీ ఇదే అమరిక చేశాడు. 14వ ఎత్తులో మంత్రి ఏ1కి వెళ్లింది. 17వ ఎత్తులో ఏనుగును ఇచ్చి గుర్రాన్ని, ఆ వెంటనే ఇ5 బంటును తీసుకున్నాడు. చివరకు గెలిచింది మాత్రం 55 ఏళ్ల లాస్కర్. ఆ పోటీలో ప్రథమ స్థానమూ ఆయనదే.

కాపబ్లాంకా సంగతీ చూడాలి. 1916 నుంచి ఓటమి ఎరుగని ఆ ప్రపంచ విజేతను 1924 మార్చి 22న రేటీ ఓడించాడు. రేటీ పేరు, మూలన మంత్రి, కాపబ్లాంకా ఓటమి, ఈ మూడూ ఒకే కథగా కలిసిపోవడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎత్తుల పట్టీ తీసి బల్ల మీద ఆడి చూస్తే తేలిందేమిటంటే, ఆ ఆటలో మంత్రి సి2, సి3, డి2, బి2 గడులకు వెళ్లింది. ఏ1 వైపు పోనేలేదు.

విజ్ఞాన శాస్త్రం చదివేవారికి ఇది కొత్త పాఠం కాదు. ఒక గెలుపుతో ఒక ఆలోచన నిజమైపోదు, ఒక ఓటమితో అబద్ధమైపోదు. ఎదుటి ఆటగాడు మారాడు, ఎత్తులు మారాయి. ఒత్తిడి ఏ గడి మీద, ఎందువల్ల, ఎంతసేపు అన్నదే అడగవలసిన ప్రశ్న. చరిత్రలో అన్ని రంగాలకూ లేని అదృష్టం చదరంగానికి ఉంది: నూరేళ్ల కిందటి ప్రయోగాన్ని ఒక్క అడుగు కూడా తప్పకుండా మనింట్లో తిరిగి చేసి చూడవచ్చు.

అనువాదకుడిగా మరో మాట. ఇంగ్లీషులో రాణి అయిన ఈ పావును మనం మంత్రి అనే అంటున్నాం. పాత ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడే కదిలేవాడు. నేటి బలం 15వ శతాబ్దం చివర్లో ఐరోపాలో వచ్చింది. డి1 తెల్ల గడి, ఏ1 నల్ల గడి. ఐమూలగా మాత్రమే నడిచే పావు రంగు మారలేదు కనుక, డి1లో బయలుదేరే పాత మంత్రి ఎన్ని ఎత్తులు వేసినా ఏ1కి చేరలేడు. రేటీ ఎత్తు వెనుక ఆ మార్పు చరిత్ర కూడా ఉంది.

రేటీ 1929లో, 40 ఏళ్లకే, ప్రాగ్‌లో మరణించాడు. ఆయన ప్రారంభం మాత్రం పాతబడలేదు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోరు 11వ ఆటను, చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ ఎఫ్3 గుర్రం, సి4 బంటులతోనే మొదలుపెట్టి గెలిచాడు. ఆ ఆటలో మంత్రి మూలకు వెళ్లిందా? నా మాట నమ్మవద్దు. ఎత్తుల పట్టీ దొరుకుతుంది. బల్ల మీ ముందే ఉంది.