మాచికాయ, అన్నభేది, పరారుణ కాంతి

ఫ్లైఓవర్ నీడ దాటి లోపలి గల్లీలోకి తిరగండి. బాలానగర్ చప్పుడు అక్కడ మొదలవుతుంది. లేతు మెషీన్ల రొద, కటింగ్ ఆయిల్ కాలిన వాసన. ఇనుప మెట్లెక్కి పైగదిలోకి రండి. కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. టేబుల్ మీద చేతి కాగితం ముక్క, దాని మీద కలంతో గీసిన మూడు గీతలు. మూడూ నలుపే. పక్కన గిన్నెల్లో దీపం మసి, తుమ్మబంక, బేగంబజారు మూలికల కొట్లో కొన్న మాచికాయలు, అన్నభేది.

అరబ్బీ లేఖకులు వందల ఏళ్లు వాడిన నల్ల సిరాల సరుకు ఇదే. మసిని బంకనీళ్లతో మెత్తగా నూరితే ఒక సిరా. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపితే మరొకటి. ఒక మాచికాయ చేతిలోకి తీసుకోండి. ఓక్ కొమ్మ మీద కందిరీగ జాతి పురుగు గుడ్డు పెట్టినచోట చెట్టు కట్టుకున్న గడ్డ అది. గట్టిగా, తూకంగా ఉంటుంది. కొరికితే నోరంతా వగరు. ఆ వగరుకు అన్నభేదిలోని ఇనుము తోడైతే గిన్నె కళ్లముందే నల్లబడుతుంది. 11వ శతాబ్దపు ఉత్తరాఫ్రికా పాలకుడు అల్ ముయిజ్ ఇబ్న్ బాదీస్ పేరుతో ప్రసిద్ధమైన గ్రంథంలో ఇలాంటి సిరాల తయారీ పద్ధతులున్నాయి. మసినీ మాచికాయనీ కలిపి చేసిన సిరాలు కూడా అరబ్బీ లేఖకులకు తెలుసు. మన కాగితం మీది మూడో గీత అలాంటిదే.

గది మిత్రుడిది. కింద డైలు చేసే షాపూ అతనిదే. లైటు ఆర్పి, కంప్యూటర్‌కు తగిలించిన చిన్న మైక్రోస్కోపును గీతల మీద పెట్టాడు. ముందు మామూలు వెలుగు. మసి గీత కాగితం పైన పొరలా కూర్చుంది, సన్నటి గింజలు కనిపిస్తున్నాయి. మాచికాయ గీత నారల్లోకి ఇంకింది, అంచులు గోధుమరంగు. ఇప్పుడు 940 నానోమీటర్ల పరారుణ కాంతి. కంటికి ఏమీ వెలగలేదు, తెర మీద మాత్రం కాగితం తెల్లబడింది.

“అన్నా, నడిమి గీత యాడ వాయె?”

“పోలేదు తమ్ముడూ, పలచబడ్డది. దగ్గరికొచ్చి సూడు.”

మొదటి గీత మాత్రం అదే నలుపు. మసి ఏ కాంతినైనా మింగుతుంది. ఇనుమూ వగరూ కలిసిన రంగు కంటికి కనిపించే వెలుగునే బాగా మింగి, పరారుణాన్ని వదిలేస్తూ పోతుంది. ఇంకా పొడుగు తరంగాల కెమెరా, 1,400 నానోమీటర్లు దాటేది పెడితే ఆ గీత పూర్తిగా మాయమవుతుంది.

ఈ పని బాలానగర్‌కు కొత్తేమీ కాదు. జాతీయ దూర సంవేదన కేంద్రం ఉన్నది ఇక్కడే. 1988లో వెళ్లిన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం నేలను నాలుగు పట్టీల్లో చూసింది. వాటిలో ఒకటి సమీప పరారుణం. పచ్చటి ఆకు ఆ కాంతిని వెనక్కి కొడుతుంది, నీరు మింగేస్తుంది, కాబట్టి చెరువు నల్లగా, పైరు ధగధగలాడుతూ కనిపిస్తాయి. కంటికి ఒకేలా తోచే రెండు వస్తువులను కనిపించని వెలుగుతో విడదీయడం ఈ ఊళ్లో ఎంతోమందికి అన్నం పెట్టిన విద్య.

మూడో గీత దగ్గర ఆ విద్య ఆగిపోతుంది. పరారుణంలో అదీ నల్లగానే నిలిచింది, మసి గీతలాగే. లోపలి మాచికాయను మసి కప్పేసింది. మిత్రుడు కిందికెళ్లి, లోహం గ్రేడు చూసే ఎక్స్‌రే గన్ తెచ్చాడు. కాగితాన్ని ఒకసారి, గీతను ఒకసారి కొలవాలి, ఎందుకంటే ఇనుము కాగితంలోనూ ఉంటుంది. గీత మీద పెట్టగానే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము శిఖరం లేచింది. మసి గీతలో ఆ తేడా లేదు. పాత అన్నభేదిలో ఇనుముతోపాటు రాగి, జింకు కూడా ఉండేవి, గనిని బట్టి పాళ్లు మారేవి. ఆ పాళ్లు పోల్చే ఒక పేజీ రెండు దఫాలుగా రాసిందా కాదా అన్నది బెర్లిన్, హాంబుర్గ్ పరిశోధకులు చెబుతున్నారు.

ఇప్పుడు ఊరికి అటువైపు, మూసీ దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ బాగ్దాదు లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిందని చెప్పే ఖురాన్ ప్రతి ఉంది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలు దాని మీద ఉన్నాయని మ్యూజియం చెబుతుంది. బాగ్దాదు సిరా, మొగలుల సిరా ఒకే పుస్తకంలో! అద్దం పెట్టె ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ సంతకాలను పరారుణంలో చూడాలనిపిస్తుంది. 1888లో పుట్టిన దాయిరతుల్ మారిఫ్ ప్రచురణ సంస్థ ఇదే నగరంలో అరబ్బీ ప్రతులను పోల్చి, అల్ బిరూనీ ఖనిజాల గ్రంథాన్ని 1936లో అచ్చువేసింది. అక్షరానికి ఇక్కడ అంత శ్రద్ధ దక్కింది. సిరాకూ దక్కాలి.

సిరా ఏదో తెలిస్తే మరమ్మతు కూడా మారుతుంది. మసి సిరాకు తడి తగిలితే కరిగి జారుతుంది. మాచికాయ సిరా కాగితాన్ని ఆమ్లంతో లోపల్నుంచి తినేస్తుంది, తడి తగిలితే దాని ఇనుము పక్కకు పాకి ఆ తినడం ఇంకా పెరుగుతుంది. కాబట్టి చిరిగిన ఆకుకు జిగురు పూసే ముందు సిరా ఏదో తెలియాలి. ముక్క కోయక్కర్లేదు, చుక్క తీయక్కర్లేదు. నన్నడిగితే అంచుల్లోని రాతలతో మొదలుపెట్టాలి. చదివినవాళ్లు, కొన్నవాళ్లు, దిద్దినవాళ్లు తరతరాలుగా తమతమ సిరాతో రాసుకున్నది అక్కడే.