ఒంగోలు కొండమీద ప్రార్థన

దేవుడు ఏలుచున్నాడని ఆదివారం ఆరాధనలో పాడుకుంటాము. దారి కనబడని రోజున ఆ మాటను పట్టుకొని నిలబడుట వేరే సంగతి. ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్రను ఈ విషయమై ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం.

శామ్యూల్ డే దొరగారు 1836లో అమెరికా నుండి తెలుగువారి యొద్దకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఎంతో ప్రయాసపడినా రక్షింపబడినవారు బహు కొద్దిమంది. 1853లో ఆరోగ్యం చెడి ఆయన స్వదేశం వెళ్లిపోయారు. ఆ సంవత్సరమే అమెరికాలోని బాప్తిస్టు మిషను పెద్దలు తెలుగు పనిని మూసివేద్దామా అని చర్చించారు. పటంలో ఒక్క చుక్కలా కనబడే ఈ పనికి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు అప్పుడే వచ్చింది. 1862లో మూసివేత మాట మరల లేచింది. ఆ పెద్దలను నేను తప్పుపట్టను. లెక్కల పుస్తకం చూస్తే మనమూ అలాగే అనేవారము.

1854 జనవరి 1 ఉదయాన జెవెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఈ ఊరికి ఒక సేవకుని పంపమని అడిగారు. కొండ దిగాక ఏమి జరిగింది? ఏమీ జరగలేదు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866లో, అనగా పన్నెండు సంవత్సరాల తరువాత!

సంఘం పెరుగుతుండగా 1876లో ధాత కరువు వచ్చింది. ఆకలిగొన్నవారికి కూలి దొరకాలని క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. వాక్యం చెప్పవలసినవాడు మట్టిపని చూచుకొనవలసి వచ్చింది. అయితే దూరపు పల్లెల కూలీలు అక్కడికే చేరారు. మేస్త్రీలుగా నిలిచిన తెలుగు బోధకులు విరామ సమయంలో వారికి సువార్త చెప్పారు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని, క్లౌ దొరగారు ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. కరువు సహాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పినా జనం వెళ్లలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కోత కొరకే దేవుడు కరువు పంపాడని కొందరు బోధిస్తారు. నేను అలా చెప్పలేను. ఆ కరువులో లక్షలాదిమంది చనిపోయారు. యోసేపు సయితం తన అన్నలు చేసినది కీడేనని వారి ముఖంమీదే చెప్పాడు. ఆ కీడు దేవుని చేతిని దాటిపోలేదనీ చెప్పాడు. కన్నీళ్లలో ఉన్న సహోదరికి ఇది మంచిదే అని మనం చెప్పనక్కరలేదు. ఆమె ప్రక్కన కూర్చుని కనిపెట్టవచ్చు.

డే దొరగారు 1871లో అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. గుండ్లకమ్మ సంగతి ఆయన చెవిని పడలేదు. నెల్లూరు విడిచిననాడు ఆయన చూచినది గుప్పెడుమంది విశ్వాసులను మాత్రమే.